పేర్లు రాసే పని

పర్లాకిమిడి బస్టాండు ఎదుట
జలంధర్ పాత్రో కొత్త బండికి
రేకు మీద ఎర్ర ఎనామిల్‌తో రాస్తున్నాను.
పైన ఒడియా, కింద తెలుగు,
రెండింట్లోనూ ఒకటే మాట: అమెరికన్ స్వీట్ కార్న్.
అక్షరానికి పన్నెండు రూపాయలు.
ఒత్తులకీ దీర్ఘాలకీ వేరే లెక్క లేదు,
అందుకే పాత్రో బేరం ఆడలేదు.

బండి పక్కన గోనె పరుచుకుని
సొంబారి గొమాంగో.
ముందు చిన్న కుంపటి,
కొండ దిగి తెచ్చిన పొత్తులు, నాలుగు ఇరవై.
ఒక గింజ పసుపు, ఒకటి నలుపు,
ఒకటి ఎవరో ముందే కొరికినట్టు ఖాళీ.
కాలేజీ పిల్లలు ఆమెను దాటుకుని
వెన్న వేసిన గ్లాసు కోసం వరస కట్టారు.

"ఏటి రాస్తన్నావు?"
"అమెరికా."
"గుణుపురం అవతలా?"
"ఇంకా అవతల."
"అక్కడా పండుతాదా ఇది?"

టీ కొట్టు బెంచీ మీంచి పండా గారు అందుకున్నాడు,
వ్యవసాయ శాఖలో ముప్ఫై ఏళ్ళు చేసిన మనిషి.
"అక్కడే పుట్టింది. అదొక్కటేనా?
మిరప, టమాటా, దుంప, వేరుశనగ,
జామ, బొప్పాయి, సీతాఫలం,
అన్నీ ఓడ దిగినవే."

నేను నమ్మలేదు.
పాతికేళ్ళుగా ఈ పేర్లన్నీ నా చేత్తో రాశాను,
ఎక్కడా ఆ దేశం తగల్లేదు.
తెలుగు వైపు బంగాళాదుంప అని రాసి
బెంగాలుకి అప్పజెప్పాను.
ఒడియా వైపు మిరప లంక అయింది,
వేరుశనగ చీనాబాదం,
టమాటా బిలాతి వంకాయ.
మా అమ్మ దాన్నే రామ్ములక్కాయ అనేది,
ఆ రాముడికి తెలుసో తెలీదో.
సీతాఫలం అడవిలో ఆవిడకి దొరికిందనుకున్నాను,
పండా గారి లెక్కన దొరికే వీలే లేదట.
బొప్పాయిని అమృతభండా అన్నవాడు మాత్రం
ఏ దేశం జోలికీ పోకుండా
తిని, మూతి తుడుచుకుని
పేరు పెట్టినట్టున్నాడు.

ఆలోచిస్తే ఒక్కచోట రాశాను, లాడ్జి మెనూలో:
అమెరికన్ చాప్సీ.
వేయించిన చీనా సేమియా, తియ్యటి ఎర్ర పులుసు, నెత్తిన గుడ్డు.
ఎక్కడిది ఇది అని అడిగితే
వండే బుగుడా కుర్రాడు
"మెనూలోది" అన్నాడు.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని
ఓడ దిగినవన్నీ ఏరడం మొదలెట్టాను.
పచ్చిమిర్చి పక్కకి. దుంప వేపుడు పక్కకి.
రామ్ములక్కాయ పచ్చడి అంచుకి.
తాళింపులో ఎండుమిరప ముక్క కూడా గోటితో తీశాను.
నీళ్ళన్నం మిగిలింది, ఉప్పు, అర ఉల్లిపాయ.
"ఒంట్లో బాలేదా?" అంది ఉత్పల.
"మా అమ్మమ్మ చేసినట్టే చేశాను కదా."
అన్నీ మళ్ళీ కలిపేసుకుని తిన్నాను.
ముక్కు కారింది.
మిర్చి మా పెరటిదే.

మరుసటి సంతకి
డబ్బా అడుగున కాస్త ఎరుపు మిగిలింది.
అట్ట ముక్క తెచ్చి సొంబారి పక్కన కూర్చున్నాను,
డబ్బులొద్దు అన్నాను.
"మీ మాటలో దీన్నేటంటారు?"
చెప్పింది.
నిలువుగీత ఒకటి దించి, మళ్ళీ చెప్పమన్నాను.
మాట చివర గొంతులో ఏదో ఆగుతోంది,
ఊడబోయే గింజ బొటనవేలి కింద ఆగినట్టు.
నా దగ్గర రెండు లిపులున్నాయి.
ఆ ఆగడానికి రెండింట్లోనూ గుర్తు లేదు.

"మాకూ అచ్చరాలున్నాయిలే,
మా మేనల్లుడు రాస్తాడు.
ఆడు ఈవేళ రాలేదు.
ఆ అట్ట ఇటివ్వు."

అందుకుని
బొగ్గుల మీద విసరడం మొదలెట్టింది.
పొత్తు చిటపటమంది.
నేను దించిన ఒక్క ఎర్ర గీత
ఆ గాలికి
మెల్లగా ఆరుతోంది.